ఎవరు చేసిన బండి ఇది?

కాలిఫోర్నియాలోనో టెక్సస్‌లోనో ఏదో పాత షెడ్డు వెనక, మోకాలెత్తు గడ్డిలో ఒక కారు బయటపడుతుంది. మొదట అది కారని కూడా పోల్చుకోలేం. పైన చివికిన టార్పాలిన్, దాని మీద ఏళ్ళ తరబడి రాలిన ఆకు, లోపల ఎలుకల గూళ్ళు. టార్పాలిన్ లాగేస్తే ఒక వంపు కనిపిస్తుంది. ముందు చక్రం మీదుగా లేచి, తలుపు దగ్గర కాస్త దిగి, వెనక మళ్ళీ లేచిన వంపు. ఫోర్డుదా అంటే కాదు. షెవర్లేదా అంటే అదీ కాదు. జాగ్వార్ పోలిక ఉంది కానీ జాగ్వార్ కాదు. కంపెనీ గుర్తు ఉండాల్సిన చోట ఏమీ లేదు. వేలితో తట్టి చూస్తే రేకులా ఖంగుమనదు, మందంగా, మొద్దుగా పలుకుతుంది. అది ఫైబర్‌గ్లాస్.

1950ల్లో, 60ల్లో పెద్ద కంపెనీలతో పని లేకుండా ఇంటి గరాజుల్లో, పడవలు చేసే షెడ్లలో మనుషులు చేత్తో చేసుకున్న కార్లు ఇవి. అమెరికాలో ఇప్పటికీ ఒకటీ అరా దొరుకుతూనే ఉన్నాయి. కొన్నిటికి పేరుంది. చాలావాటికి లేదు. ఆ పేరు కోసం, చేసిన మనిషి కోసం ఏళ్ళ తరబడి వెతికేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ పని గురించి చదివే కొద్దీ నన్ను ఒక ప్రశ్న పట్టుకుంది. చేసినవాడు పోయాడు, నడిపినవాడు పోయాడు, వస్తువు మిగిలింది. దాని పుట్టుక తెలుసుకోవలసిన అవసరం ఇప్పుడు ఎవరికి? తెలుసుకోకపోతే నష్టం ఎవరికి?

శరీరం నశిస్తుంది, లోపలిది నిలుస్తుంది అని వింటూ పెరిగినవాళ్ళం మనం. ఈ కార్ల దగ్గర ఆ మాట తలకిందులవుతుంది. ఫైబర్‌గ్లాస్‌కు తుప్పు పట్టదు, చెద పట్టదు. కింద ఇనప ఛాసిస్ పొరలు పొరలుగా రాలిపోతుంది. ఇంజన్ని ఎవరో ఎప్పుడో ఊడదీసుకుపోయి ఉంటారు. పైన ఒళ్ళు మాత్రం ఉన్నదున్నట్టు నిలిచి ఉంటుంది. పోయింది పేరు. పోయింది దాని వెనక ఉన్న ఆలోచన, ఆశ, ఆ రాత్రుళ్ళ శ్రమ. కళ్ళముందు శరీరం ఉంది, దాని సంగతి చెప్పే మనిషి లేడు. దీని ముందు నిలబడితే అలవాటైన జవాబులేవీ నాకు అక్కరకు రాలేదు.

ఈ పదార్థం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే కొంత అర్థమవుతుంది. 1932లో అమెరికాలో ఓవెన్స్-ఇల్లినాయ్ గాజు కంపెనీలో డేల్ క్లైస్ట్ అనే యువకుడు గాజు దిమ్మెలను అతికించే ప్రయోగం చేస్తున్నాడు. కరిగిన గాజు ధార మీదికి గాలి జోరుగా తగిలి సన్నటి పోగులు ఎగిరాయి. గాజును దారం తీయడం అంతకు ముందే తెలుసు. చవగ్గా, రాశులుగా తీసే దారి అలా అనుకోకుండా దొరికింది. 1938లో ఓవెన్స్-కార్నింగ్ కంపెనీ పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ గాజుపోగుల గుడ్డకు రెజిన్ తోడై, విమానాల రాడార్ల మీద కప్పే డోములయ్యాయి. రేడియో తరంగాలు ఇనుములోంచి దూరి పోలేవు, దీన్లోంచి పోతాయి. యుద్ధం కోసం నేర్చిన పనితనం, యుద్ధం ముగిశాక చేతుల్లో మిగిలింది.

ఆ చేతులు ఏం చేశాయన్నదే నన్ను కదిలించే భాగం. యూరప్ నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికులు అక్కడ ఎం.జి. వంటి చిన్న, చురుకైన స్పోర్ట్స్ కార్లు చూసి వచ్చారు. ఇంటి దగ్గర డెట్రాయిట్ కంపెనీలు చేసేవి భారీ కార్లు. తన మనసులో ఉన్న కారు తనే చేసుకుందామంటే ఇనప రేకుతో కుదరదు. రేకును కారు ఆకారంలోకి నొక్కాలంటే పెద్ద ప్రెస్సులు కావాలి, డైలు కావాలి, మామూలు మనిషి ఊహకందని డబ్బు కావాలి. ఫైబర్‌గ్లాస్‌కు ఒక షెడ్డు, ఒక మోల్డు, బ్రష్షు, ఓపిక ఉంటే చాలు. పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, బోర్లించిన బిందె మీద మెత్తి, ఎండాక ఊడదీసి మన అమ్మమ్మలు బుట్టలు చేసేవారు. పద్ధతి అదే. కాగితపు గుజ్జుకు బదులు గాజు మ్యాట్, మెంతిపిండికి బదులు రెజిన్, ఎండకు బదులు హార్డెనర్.

బిల్ ట్రిట్ అనే ఆయన దక్షిణ కాలిఫోర్నియాలో కోస్టా మెసా దగ్గర ఫైబర్‌గ్లాస్ పడవలు చేసేవాడు. వైమానిక దళంలో మేజర్‌గా ఉన్న కెన్ బ్రూక్స్ తన భార్య జీపుకు అందమైన బాడీ కావాలని 1950 ప్రాంతంలో ఆయన దగ్గరికి వచ్చాడు. ఆ జీపు ఛాసిస్ మీద ట్రిట్ చేసిన బాడీ నుంచి గ్లాస్‌పార్ జి2 పుట్టింది. 1952 ఫిబ్రవరిలో లైఫ్ పత్రిక ఈ ప్లాస్టిక్ కార్ల గురించి రాసింది. మరుసటి ఏడే జనరల్ మోటార్స్ కార్వెట్ తెచ్చింది. 1953లో చేసిన 300 కార్వెట్లూ ఫైబర్‌గ్లాస్‌వే, అన్నీ తెల్ల రంగువే, దాదాపు చేతిపనితో తయారైనవే. కైజర్ కంపెనీ డారిన్ అనే ఫైబర్‌గ్లాస్ కారు తెచ్చి, 435 చేసి ఆపేసింది. కంపెనీలవి కనక ఈ లెక్కలన్నీ మనకు చక్కగా తెలుసు. జీపు ఛాసిస్ మీద మొదటి బాడీ పరిచిన రోజు ట్రిట్ పక్కన మ్యాట్ పట్టుకుని ఎవరు నిలబడ్డారో మాత్రం నాకెక్కడా కనబడలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళు ఒక ఉప్పెన. విక్ట్రెస్, బయర్స్, వుడిల్, మీటియార్, సోరెల్, లడావ్రీ, డెవిన్. కారు అమ్మేవాళ్ళు వీళ్ళలో తక్కువ, బాడీ మాత్రం అమ్మేవాళ్ళు ఎక్కువ. బిల్ డెవిన్ 295 డాలర్లకు ఒట్టి బాడీ అమ్మేవాడు, రకరకాల ఛాసిస్‌లకు సరిపోయేలా పలు కొలతల్లో. కొన్నవాడు దాన్ని ఇంటికి తెచ్చి, పాత ఫోర్డు ఛాసిస్ ఒకటి సంపాదించి, దొరికిన ఇంజన్ బిగించుకునేవాడు. ఒకే మోల్డులోంచి వచ్చిన పది బాడీలు పది ఇళ్ళలో పది కార్లయ్యాయి. చిక్కంతా అక్కడే మొదలైంది. సర్కారు కాగితాల్లో బండి చాలాసార్లు ఛాసిస్ పేరుతోనే నమోదయ్యేది. రోడ్డు మీద అందరూ తిరిగి తిరిగి చూసిన ఆ అందగత్తె కాగితంలో ఏదో ఒక సంవత్సరపు ఫోర్డు, అంతే. మనిషి చేసింది కాగితానికెక్కలేదు. కంపెనీ చేసిందే ఎక్కింది.

అందుకే వెతికేవాడు కాగితాన్ని పక్కనపెట్టి ఒంటిని చదవడం మొదలుపెడతాడు.

బయటి వైపు కన్నా లోపలి వైపు ఎక్కువ మాట్లాడుతుంది. బయట నునుపు చేసి, పుట్టీ పెట్టి, రంగు వేసి దాచేసి ఉంటారు. చక్రం పైన గూడులోకి తల దూర్చి టార్చి వేస్తే పచ్చి ఫైబర్‌గ్లాస్ కనిపిస్తుంది. ముదురు తేనె రంగు. గుడ్డ నేత అడ్డం నిలువు పోగులతో సహా తెలుస్తుంది. ఒక చోట రెజిన్ చాలక తెల్లగా పొడిబారింది, అక్కడ వేలు పెడితే పోగులు గుచ్చుకుని రోజంతా దురద. ఇంకో చోట రెజిన్ ఎక్కువై కిందికి కారుతూ కారుతూ గట్టిపడింది. ఊడిన బ్రష్షు వెంట్రుక ఒకటి అందులోనే చిక్కుకుని ఉంది. అంచు దగ్గర పట్టు కోసం ఒక చెక్కముక్క పెట్టి, దాని మీద మరో పొర గుడ్డ వేశారు. ఆ గుడ్డ కొసను చక్కగా కత్తిరించలేదు, తొందరలో చింపినట్టుంది. రెజిన్‌లో హార్డెనర్ కలిపాక ఆగదు, గట్టిపడేలోగా పరవాలి. ఆ తొందర ఇన్నేళ్ళ తర్వాత కూడా అక్కడ అలాగే ఉంది.

తలుపు దగ్గరికి వస్తే ఇంకో సంగతి. ఆ రోజుల్లో చాలా బాడీలు తలుపులు కోయకుండానే వచ్చేవి, కోసుకోవడం కొన్నవాడి పని. కోత గీత వెంట చూపు పోనిస్తే ఎడమ తలుపు కొంచెం వంకర, కుడి తలుపు తిన్నగా. ఎడమది ముందు కోసి, చేయి కుదిరాక కుడిది కోసి ఉంటాడని అనిపిస్తుంది. అది నిజమో కాదో తేల్చలేం. కానీ ఆ వంకర ముందు నిలబడినప్పుడు, యంత్రం ముందు ఎప్పుడూ కలగని దగ్గరితనం కలుగుతుంది. ఎవరో ఇక్కడ భయపడుతూ రంపం పెట్టారు.

ఇక నెమ్మది పని. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం కొలవాలి. అద్దం ఏ కంపెనీ కారు నుంచి తెచ్చి బిగించారో పోల్చాలి. వెనక దీపం 1953 ఫోర్డుదైతే ఆ మోడల్ అమ్మకానికి రాకముందు ఆ దీపం అక్కడికి రాలేదన్నది ఖాయం. బాడీ కూడా అప్పటిదేనా, లేక పాత దీపం పగిలితే మార్చారా అన్నది వేరే ప్రశ్న. ఒక మూల ఉప్పుకాగితంతో రుద్దితే రంగులు వలయాలుగా బయటపడతాయి. పైన ఎరుపు, కింద తెలుపు, దాని కింద ముదురాకుపచ్చ, అట్టడుగున ప్రైమర్. ఆ రంగులతో పాత రోడ్ అండ్ ట్రాక్, మోటార్ ట్రెండ్, హాట్ రాడ్ సంచికలు తిరగేయాలి. వెనక పేజీల్లో అగ్గిపెట్టెంత ప్రకటనలు, నలుపు తెలుపు ఫొటోలు. ఫొటోలో ముదురాకుపచ్చ నల్లగానే కనిపిస్తుంది. ప్రకటనలో ఉన్న వీధి చిరునామా పట్టుకుని పాత టెలిఫోన్ పుస్తకాలు చూడాలి. అక్కణ్ణించి ఒక ఇంటిపేరు, ఆ ఇంటిపేరుతో ఒక కొడుకో కూతురో, వాళ్ళ అటక మీద ఫొటోల అట్టపెట్టె. ఆ పెట్టె తెరిచేసరికి చాలాసార్లు ఆలస్యమైపోయి ఉంటుంది.

ఇదంతా ఎందుకన్న ప్రశ్నకు వస్తాను. తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదిది. తిండికి లేని మనుషులు ఉన్న లోకంలో, ఎవరో తీరిగ్గా చేసుకున్న ఒక షోకు బండి పుట్టుపూర్వోత్తరాల మీద ఏళ్ళు ఖర్చుపెట్టడం న్యాయమా? పేరు మీద మమకారం వదులుకోమని అన్ని దారుల జ్ఞానులూ చెప్పారు కదా, పోయిన పేరును తవ్వి తీయడం ఆ మమకారానికే మళ్ళీ నీళ్ళు పోయడం కాదా? పైగా ఆ చేసినవాడు తన పేరు నిలవాలని కోరుకున్నాడో లేదో ఎవరికి తెలుసు? గుర్తు పెట్టకుండా వదిలేశాడంటే అక్కర్లేదనుకున్నాడేమో.

ఈ చివరి ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగాను. తన పేరు తానే వదులుకోవడం ఒకటి, పక్కవాళ్ళు దాన్ని పోగొట్టడం ఇంకొకటి. మొదటిది వైరాగ్యం కావచ్చు. రెండోది అన్యాయం. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండింటి చివరా పేరు లేని వస్తువే ఉంటుంది. ఏది ఏదో తెలియాలంటే వెతకాల్సిందే. వెతకకుండా, ఆయనకు కీర్తి అక్కర్లేదులే అని మనమే తీర్పు చెప్పడం మన బద్ధకానికి ఆయన వైరాగ్యాన్ని అడ్డం పెట్టుకోవడం.

పాలంపేట గుడి గుర్తొస్తుంది. 1213 నాటి శాసనంలో దాన్ని కట్టించిన రేచర్ల రుద్రుడి పేరుంది. లోపలి దేవుడు రుద్రేశ్వరుడు. కానీ జనం ఆ గుడిని పిలిచేది రామప్ప గుడి అని, అది చెక్కిన శిల్పి పేరని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. చరిత్రకారులు ఆ రామప్ప గురించి రుజువులు అడుగుతారు, అడగాలి కూడా. నన్ను ఆకట్టుకునేది జనం కోరిక. రాయి మీద కట్టించినవాడి పేరు చెక్కి ఉన్నా, జనం నోట్లో చేసినవాడి పేరే ఉండాలని ఎవరో ఎప్పుడో తేల్చుకున్నారు. ఆ తీర్పు వెనక ఒక న్యాయబుద్ధి ఉంది. కాలిఫోర్నియా గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని టార్చి వేస్తున్నవాణ్ణి కదిలించేదీ ఆ బుద్ధే అనుకుంటాను.

ఆకలి ప్రశ్నకు నా జవాబు ఇది. మనుషుల శ్రమను మర్చిపోవడం అలవాటైన సమాజం, వాళ్ళ ఆకలిని మర్చిపోవడం కూడా అంతే సులభంగా అలవాటు చేసుకుంటుంది. రెండూ ఒకే చూపు లోపం. చేసినవాణ్ణి చూడని కన్ను తిననివాణ్ణి మాత్రం చూస్తుందన్న నమ్మకం నాకు లేదు.

పేరు దొరికితే కథ ముగిసిందా అంటే, ఇంకా కష్టమైన ప్రశ్నలు అప్పుడే మొదలవుతాయి. ఆర్బిట్రాన్ అనే కారు సంగతి తీసుకోండి.

ఎడ్ రాత్ 1932లో పుట్టాడు. లాస్ ఏంజెలిస్ దగ్గర మేవుడ్‌లో షెడ్డు పెట్టి, 1960ల మొదట్లో విచిత్రమైన కార్లు చేసి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. బిగ్ డాడీ అనేవారు. ర్యాట్ ఫింక్ అనే వికారపు ఎలుక బొమ్మ కూడా ఆయనదే. కారు చేయడానికి ప్లాస్టర్‌తో ఆకారం మలిచేవాడు. దాని మీద గాజుగుడ్డ, రెజిన్ పరిచి, గట్టిపడ్డాక లోపలి ప్లాస్టర్‌ను పగలగొట్టి తీసేవాడు. అంటే రెండో కారుకు దారి ఉండదు. పుట్టించిన గర్భం పుట్టుకతోనే పోయేది. 1964లో చేసిన ఆర్బిట్రాన్‌కు గీతలు గీసింది ఎడ్ న్యూటన్. ముందు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు దీపాలు. మూడూ కలిస్తే తెల్లటి వెలుగు వస్తుందన్న ఊహ, రంగుల టీవీ కొత్తగా ఇళ్ళలోకి వస్తున్న కాలం మరి. వెనకెక్కడో నడిపేవాడి సీటు, దాని మీద పారదర్శకమైన బుడగ లాంటి మూత, లోపల బొచ్చు లైనింగు, చిన్న టీవీ.

ఆ కారు జనానికి నచ్చలేదు. మెరిసే ఇంజన్ను బానెట్ కింద దాచడమే పొరపాటని రాత్ తర్వాత అనుకున్నాడు. ఆ ఏడే బీటిల్స్ అమెరికాలో అడుగుపెట్టారు, కుర్రాళ్ళ మోజు కార్ల మీంచి గిటార్ల మీదికి మళ్ళిందని కూడా ఆయన బాధపడ్డాడు. కారు చేతులు మారింది, మారింది, చివరికి ఎక్కడుందో తెలియకుండా పోయింది. 2001లో రాత్ చనిపోయాడు. 2007లో అది దొరికింది. మెక్సికో సరిహద్దులో సియుదాద్ హువారెస్ నగరంలో, పెద్దల పుస్తకాలమ్మే ఒక దుకాణం ముందు నిలబెట్టి ఉంది. ఆ మూడు దీపాల ముక్కు మొత్తం లేదు. పాత కార్లు కొని అమ్మే మైకేల్ లైట్‌బర్న్ దాన్ని కొని సరిహద్దు దాటించాడు. తర్వాత బో బెక్‌మన్ కొన్నాడు, డేవ్ షూటెన్ చేతుల్లో అది మళ్ళీ 1964 నాటి రూపానికి వచ్చింది. ఆ పునరుద్ధరణను తక్కువ చేయను. పోయిన ముక్కును పాత ఫొటోలు చూసి మళ్ళీ చేయడం అంటే చచ్చిన మనిషి చేతిరాతను పట్టుకోవడమే. షూటెన్ చేతిలో ఆ ప్రేమ ఉంది.

అయినా అడగాలి. 1964 ఒక్కటే ఆ కారుకు నిజమైన సంవత్సరమా?

మిళింద రాజు రథం మీద వచ్చానంటే భిక్షువు నాగసేనుడు వరసగా అడుగుతాడు, ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని. ఏదీ కాదు, అన్నీ కలిసినప్పుడు రథం అని పిలుస్తున్నాం, అంతే అని తేలుతుంది. మిళింద పన్హలోని ఈ సంభాషణ మన బౌద్ధంలో అందరికీ తెలిసినదే. రథం ముక్కలతో పాటు రథం రోజులను కూడా నాగసేనుడు లెక్కలోకి తెచ్చి ఉంటే ఏమనేవాడో అని నేను ఆలోచిస్తాను. షోలో దీపాల కింద మెరిసిన రోజులు ఆర్బిట్రానా? హువారెస్ ఎండలో నిలబడిన ఏళ్ళు ఆర్బిట్రాన్ కావా? ఆ దుకాణం ముందు రోజూ నడిచి వెళ్ళిన కార్మికులకు, ఆ వీధి పిల్లలకు అది వాళ్ళ వీధి గుర్తు అయి ఉండాలి. వాళ్ళ జ్ఞాపకాన్ని ఎవరైనా అడిగారా? మెరుగు పెట్టేటప్పుడు ఉప్పుకాగితం కింద పొడిగా రాలిపోయింది పాత రంగొక్కటే కాదు, ఆ వీధి కూడా.

కథ చెప్పేటప్పుడు హువారెస్‌ను పతనమని, తిరిగి అమెరికా రావడాన్ని రక్షణ అని రాస్తుంటారు. ఎవరి కళ్ళతో పతనం? కళాఖండం అని తెలిసో తెలియకో ఒక మామూలు దుకాణదారు దాన్ని పారేయకుండా తన గుమ్మం ముందు పెట్టుకున్నాడు. తుక్కు కింద అమ్మేసి ఉంటే షూటెన్‌కు పని ఉండేది కాదు. కాపాడినవాళ్ళ జాబితా రాస్తే ఆ గుమ్మం మొదటి వరసలో ఉండాలి. సంపన్నుల గరాజులో ఉంటే భద్రత, పేదల వీధిలో ఉంటే నిర్లక్ష్యం అన్న లెక్క నాకు మింగుడుపడదు.

అలాగని ఆ కారును ముక్కు లేకుండా, ఎండకు పేలిన రంగుతో అలాగే ఉంచేయాలా? రాత్, న్యూటన్ కన్న కలను చూసే హక్కు ఈ తరం పిల్లలకు లేదా? ఉంది. ఇద్దరి హక్కూ నిజమే, ఒకే వస్తువు మీద రెండూ తీరవు. అందుకే నేను రాతను నమ్ముతాను. ఒంటికి ఒకే రూపం ఇవ్వగలం, కానీ కాగితం మీద అన్ని రూపాలూ ఇవ్వవచ్చు. బాగుచేసే ముందు ప్రతి పొరనూ ఫొటో తీయాలి, ప్రతి వీధిలోనూ అడగాలి, పాత ముక్క ఏది, కొత్తగా చేసింది ఏది అన్నది దాచకుండా రాయాలి. కారు 1964లోకి తిరిగి పోయినా పుస్తకంలో 2007 ఉండాలి, మధ్య ఏళ్ళూ ఉండాలి.

ఈ దాచకపోవడం చిన్న విషయం కాదు, ఎందుకంటే పేరుకు ధర ఉంది. అనామకంగా దొరికిన బాడీ పక్కన ప్రసిద్ధుడి పేరు చేరగానే విలువ ఎన్నో రెట్లవుతుంది. తెలియనిచోట తెలిసినట్టు చెప్పాలన్న ఒత్తిడి అక్కడ పుడుతుంది. పోలిక ఉంది కాబట్టి ఫలానావారిదే అయ్యుండాలి అంటారు. నాలుగుసార్లు చెప్పాక 'అయ్యుండాలి' కాస్తా రాలిపోతుంది. అప్పుడు జరిగేది రెండో అన్యాయం. మొదట ఆ అజ్ఞాత మనిషి పేరు పోయింది, ఇప్పుడు ఆయన పని కూడా ఇంకొకరి ఖాతాలోకి పోయింది. పేరు దొరకని బండిని పేరు దొరకనిదిగానే నిలబెట్టి, చేసినవారు ఎవరో తెలియదు అని పలకమీద రాసేవాణ్ణి నేను ఎక్కువ గౌరవిస్తాను. ఆ పలక ఆయన కుర్చీ ఖాళీగా ఉంచుతుంది. ఎప్పుడో ఒక మనవరాలు ఒక ఫొటో పట్టుకుని రావచ్చు.

ఇది అమెరికా సంగతి, మనకేం అనుకోనక్కరలేదు. బెంగళూరులో సిపానీ సంస్థ 1982లో డాల్ఫిన్ అనే చిన్న కారు తెచ్చింది. బ్రిటన్ రిలయంట్ కిటెన్ ఆధారంగా చేసినది, బాడీ ఫైబర్‌గ్లాస్. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక డాల్ఫిన్‌ను పట్టించుకున్నవాళ్ళు తక్కువ. డాల్ఫిన్ బాడీలు పరిచిన పనివాళ్ళు ఎవరు, ఎక్కడ నేర్చుకున్నారు, తర్వాత ఏమయ్యారు? మన సముద్రతీరంలో కర్ర తెప్పల స్థానంలోకి ఫైబర్ బోట్లు వచ్చి చాలా కాలమైంది. ట్రిట్ కోస్టా మెసాలో చేసిన పనినే మన తీరంలో చేస్తున్న మేస్త్రీలున్నారు, చేతుల నిండా దురదతో, రెజిన్ వాసన పీలుస్తూ. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే కార్ఖానాల్లో కర్రపని చేసినవాడు, రేకు వంచినవాడు, వెనక తలుపు మీద నెమలి వేసినవాడు వేరువేరు మనుషులు. లారీ మీద ఓనరు పేరు ఉంటుంది, ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటుంది, పిల్లల పేర్లు ఉంటాయి.

మీ ఊళ్ళో అలాంటి పాత మేస్త్రీ ఎవరైనా ఉంటే ఈ నెలలోనే వెళ్ళి కలవండి. మొదటి బాడీ ఏ ఏడు కట్టారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, పక్కన ఎవరెవరు పనిచేశారు అని అడగండి. చెప్పింది చెప్పినట్టు ఒక నోటుపుస్తకంలో తారీఖు వేసి రాయండి. ఫొటో ఉంటే దాని వెనక అందరి పేర్లూ పెన్సిలుతో రాయించండి, ఆయన చేతే. ఆయనకు గుర్తురాని పేరు దగ్గర చోటు వదిలేయండి, మీ ఊహతో నింపకండి.